ఆర్థో జైలీన్ రియాక్టర్ నమూనాలో ఉష్ణోగ్రత 3000 కెల్విన్ దాటుతోంది. తప్పు ఎక్కడ?

ప్రశ్న (తిరుపతి, ఎంటెక్ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. ఆర్థో జైలీన్‌ను గాలితో ఆక్సీకరించి థాలిక్ ఆన్‌హైడ్రైడ్ తయారుచేసే రియాక్టర్‌కు ప్రాజెక్టులో భాగంగా గణిత నమూనా రాస్తున్నాను. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న ఒక్క ట్యూబు తీసుకున్నాను. లోపల వెనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం, చుట్టూ చల్లబరిచే ద్రవ లవణం. లోపలికి వచ్చే వాయువు, లవణం రెండూ 640 కెల్విన్ దగ్గర ఉన్నాయి. జైలీన్ 1 మోల్ శాతం. ఒకే చర్య అనుకుని, పొడవు వెంబడి ద్రవ్యానికి ఒకటి, ఉష్ణానికి ఒకటి చొప్పున రెండు సమీకరణాలు రాశాను. పైథాన్‌లో నడిపితే అర మీటరులోపే ఉష్ణోగ్రత 3000 దాటి ప్రోగ్రాం ఆగిపోతోంది. గణనలో ఒక్కో అడుగు నిడివిని వందో వంతుకు తగ్గించినా అంతే. శుక్రవారం గైడ్‌గారికి చూపించాలి. దయచేసి దారి చూపండి.

జవాబు (ఈ గుంపు సభ్యుడు)

స్టిఫ్ సమీకరణాలకు, అంటే కొన్ని భాగాలు అతివేగంగా మారేవాటికి, మామూలు రుంగే-కుట్టా గణన పద్ధతి సరిపోదు. వాటికి తగిన బీడీఎఫ్ పద్ధతి గానీ రాడౌ పద్ధతి గానీ వాడి చూడండి.

జవాబు (చిత్తూరు, విశ్రాంత కెమికల్ ఇంజినీరు)

ఆ సలహా మంచిదే, తరువాత పనికొస్తుంది. కానీ అమ్మా, ముందు కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. ఈ చర్యలో మోలుకు సుమారు 1285 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. మీ వాయువులో నూటికి తొంభైతొమ్మిది వంతులు గాలే. ఆ ఉష్ణోగ్రతలో గాలి మోలార్ ఉష్ణధారణ, అంటే ఒక మోలును ఒక డిగ్రీ వేడిచేయడానికి కావలసిన ఉష్ణం, దాదాపు 31 జౌళ్లు. 0.01ని 12,85,000తో గుణించి 31తో భాగిస్తే 415 వస్తుంది. అంటే చల్లబరచడం బొత్తిగా లేకపోయినా, జైలీన్ అంతా ఖర్చయిపోయినా ఉష్ణోగ్రత 1055 కెల్విన్ దాటలేదు. ఆ వాయువులో అంతకు మించిన వేడి లేనే లేదు. మీకు 3000 వచ్చిందంటే లోపం గణన పద్ధతిలో కాదు, సమీకరణంలో ఉంది.

ఒక పరీక్ష చేయండి. గోడ గుండా పోయే ఉష్ణాన్ని సున్నా చేసి నడపండి. ట్యూబులో ఏ చోట చూసినా ఉష్ణోగ్రత పెరుగుదల, మార్పిడిని (జైలీన్‌లో చర్య జరిగిన వంతును) 415తో గుణిస్తే వచ్చేదానికి సమానం కావాలి. కాకపోతే రెండు సమీకరణాల్లో చర్యా వేగం ఒకేలా లేదన్నమాట. నా ఉద్యోగంలో నేను చూసిన నమూనా తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క పరీక్షతోనే దొరికాయి.

ప్రశ్న అడిగినవారు

చేశాను సార్. 1 శాతం మార్పిడికి 4 డిగ్రీలు పెరగాల్సింది, 5400 డిగ్రీలు పెరుగుతోంది. నిష్పత్తి సరిగ్గా 1300! నా బెడ్‌లో ఘనమీటరుకు ఉన్న ఉత్ప్రేరకం 1300 కిలోలు. వేగ సమీకరణం కిలో ఉత్ప్రేరకానికి లెక్కించినది. ఉష్ణ సమీకరణంలో సాంద్రతతో గుణించాను, ద్రవ్య సమీకరణంలో మరిచిపోయాను. జైలీన్ ఖర్చు కాకుండానే వేడి పుడుతూ పోయింది. సరిదిద్దాక శిఖర ఉష్ణోగ్రత 680 దగ్గర నిలిచింది, ఆ తరువాత తగ్గుతోంది. మీ మేలు మరువలేను. ఇంకొక్క సందేహం: ఉత్ప్రేరక గుళిక లోపలి వ్యాపనాన్ని (రంధ్రాల్లోకి జైలీన్ చొచ్చుకుపోవడాన్ని) కూడా చేర్చాలా?

జవాబు (తిరుపతి, పరిశోధక విద్యార్థి)

గుళిక అనగానే మనకు రాగి సంగటి ముద్ద గుర్తొస్తుంది: పైన చల్లారినా లోపల చెయ్యి కాలుతుంది. ఆ ఊహ ఇక్కడ దారి తప్పిస్తుంది. ఘనపదార్థం వేడిని బాగానే ప్రసరింపజేస్తుంది కాబట్టి గుళిక లోపల ఉష్ణోగ్రత దాదాపు సమంగానే ఉంటుంది. తేడా ఎక్కువగా గుళికను చుట్టుకున్న పలుచటి వాయు పొరలో ఉంటుంది. గాఢత సంగతి దీనికి తలకిందులు. సూక్ష్మరంధ్రాల్లోకి చేరేలోపే జైలీన్ తగ్గిపోతుంది.

దీన్ని కొలవడానికి కెమికల్ ఇంజినీరు థీలే 1939లో ఇచ్చిన సంఖ్య ఉంది. మందంలో సగాన్ని, వేగ స్థిరాంకాన్ని వ్యాపన గుణకంతో భాగించి తీసిన వర్గమూలంతో గుణించాలి. పలక ఆకారానికి, మొదటి క్రమాంక చర్యకు (వేగం గాఢతకు అనులోమంగా ఉండేదానికి) ఈ సంఖ్య 3 అయితే ఉత్ప్రేరకంలో మూడో వంతే పనిచేస్తున్నట్టు లెక్క. అయితే మీ చర్యకు సాధారణంగా పింగాణీ వంటి జడ పదార్థంపై ఉత్ప్రేరకాన్ని పలుచటి పూతగా వేస్తారు. పూత మందాన్నే లెక్కలోకి తీసుకోండి, గుళిక కొలత మొత్తం తీసుకుంటే సంఖ్య అన్యాయంగా పెరిగిపోతుంది. 0.3 కన్నా తక్కువ వస్తే వ్యాపనాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

పూత మందంతో 0.2 వచ్చింది, వదిలేశాను. కానీ వాయువునూ లవణాన్నీ 650కి పెంచగానే ఉష్ణోగ్రత మళ్లీ వందల డిగ్రీలు ఎగబాకుతోంది. మరో తప్పు చేశానా?

జవాబు (చిత్తూరు, విశ్రాంత కెమికల్ ఇంజినీరు)

650కి 415 కలిపితే కొత్త పైకప్పు 1065. అది దాటిందా? దాటకపోతే, పాత పరీక్ష కూడా నెగ్గితే తప్పేమీ లేదమ్మా. నిజమైన రియాక్టర్ కూడా ఇలాగే చేస్తుంది. పది డిగ్రీల తేడాకే చల్లబరిచే వేగాన్ని వేడి పుట్టే వేగం మించిపోతుంది. లవణం ఉష్ణోగ్రతను ఒక్కో డిగ్రీ పెంచుతూ ఆ హద్దు ఎక్కడుందో గ్రాఫు గీయండి. శుక్రవారం మీ గైడ్‌గారికి ముందుగా ఆ గ్రాఫే చూపించండి.