గుండె వాల్వు: మామకు పశువు పొర, చెల్లెలికి లోహం ఎందుకు?

పలమనేరు అన్న:
మా చెల్లెలికి 26 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం, గుండెలో రక్తం వెనక్కి మళ్లకుండా ఆపే మైట్రల్ వాల్వును పాడుచేసింది. తిరుపతిలో చూపిస్తే మార్చాలన్నారు, లోహపుది మేలన్నారు. పోయిన ఏడాది 71 ఏళ్ల మా మేనమామకు పశువు పొరతో చేసిన వాల్వు వేశారు. లోహపు వాల్వుకైతే రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకోవాల్సిన వార్ఫరిన్ మందు గొడవ లేకుండా హాయిగా తిరుగుతున్నారు. మంచిదేదో ఒకటుంటే అందరికీ అదే వేయవచ్చు కదా? ఇదంతా ధర కోసమేనా?

ఏర్పేడు ప్రయోగశాల:
ధరల సంగతి నేను చెప్పలేను గానీ వయసు మాట నిజం. పశువు గుండె చుట్టూ ఉండే పొరను మన ఒళ్లు తిప్పికొట్టకుండా గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో శుద్ధి చేస్తారు. చిక్కేమిటంటే, అలా శుద్ధి చేసిన పొర మీద కాలక్రమంలో కాల్షియం పేరుకుంటుంది, వయసులో ఉన్నవారిలో మరీ త్వరగా. మీ మామగారికి జీవితాంతం సరిపోయేది, చెల్లెలికి కొన్నేళ్లకే గట్టిపడి మళ్లీ ఆపరేషన్ తెచ్చిపెట్టవచ్చు.

ఇక లోహపు వాల్వు అంటాం గానీ అంతా లోహం కాదు. 1990లో తొలిసారి రోగికి అమర్చిన, తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థవారి వాల్వునే చూడండి. చట్రం కోబాల్ట్, క్రోమియం మిశ్రమం. లోపల ఊగే బిళ్ల గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్. ఏడాదికి దాదాపు 4 కోట్ల సార్లు తెరుచుకుని మూసుకోవాలి, అరగకూడదు, రక్తం గడ్డకట్టి పట్టుకోకూడదు. అందుకే అద్దంలా నున్నగా ఉంటుంది. చుట్టూ కుట్టు వేసే అంచుకు మాత్రం పాలియెస్టర్ గుడ్డ. అది గరుకుగానే ఉండాలి, కండ దాని పోగుల్లోకి పెరిగి బిగించాలి. అంగుళం పైచిలుకు వస్తువులో ఒకచోట ఏదీ అంటకూడదు, ఆ పక్కనే అంటి తీరాలి! ఈ పనిలో నాకు నచ్చేది ఇదే.

బైరాగిపట్టెడ అక్క:
నాకున్నది లోహపుదే. కరెంటు పోయి ఫ్యాను ఆగితే దాని టిక్కుటిక్కు నాకే వినిపిస్తుంది. అది అలవాటైంది, వార్ఫరిన్ మాత్రం కాలేదు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలకు తిరగాలి. ఒక వారమంతా పాలకూర పప్పు తిని, మరుసటి వారం ఆకుకూర ముట్టకపోతే లెక్క తప్పుతుంది.

తమ్ముడూ, పిల్లల సంగతి ముందే అడగండి. వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. అందుకే మళ్లీ ఆపరేషన్ తప్పదని తెలిసీ కొందరు ఆడపిల్లలు పశువు పొర వాల్వే ఎంచుకుంటారు. ఈ మాట డాక్టరు మీతోనో మీ అమ్మగారితోనో కాదు, ఆ అమ్మాయితో మాట్లాడాలి.

పలమనేరు అన్న:
పిల్లల విషయం మాకు తట్టనే లేదు అక్కా. సోమవారం చెల్లెలినే లోపలికి పంపిస్తాను.

ఏర్పేడు ప్రయోగశాల:
మార్చకుండా ఉన్న వాల్వునే సరిచేసే వీలుందేమో కూడా అడగమనండి. అది కుదిరితే ఈ రెండింటి మధ్య ఎంపికే అక్కర్లేదు.