ఈ ఏటి చివరి సమస్య: పుస్తకమును తినెను పులుసుతోడ

కడప నుంచి, సమస్య ఇచ్చినవాడు:

డిసెంబరు చివరి వారం. మా కడపలో మధ్యాహ్నం ఎండ కాస్తున్నా, తెల్లారుజామున దుప్పటి తీయబుద్ధి కాదు. ఈ రోజుల్లో నాకు కొత్తవేవీ వద్దనిపిస్తుంది. అట్ట ఊడిన పాత పుస్తకం, మాటలన్నీ నోటికొచ్చిన పాత సినిమా, వేడి సంగటి మీద పులుసు. ఇవి ఉంటే ఏడాది ఎట్లా గడిచినా ఒడ్డున పడినట్టే. అందుకే ఈ సమస్య, అంటే పొంతన లేనట్టుండే చివరి పాదం నేనిస్తే, దానికి అర్థం కుదిరేలా మీరు పద్యం పూరించే ఆట.

ఛందస్సు ఆటవెలది. వేమన పద్యాలను వెదికి పట్టుకొని 1829లో అచ్చువేయించిన బ్రౌన్ దొర కాపురమున్న ఊరు మాది, ఇంకో ఛందస్సు పెట్టడానికి మనసొప్పలేదు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే ధ్వని పొత్తు. చివరి పాదం నాది, పై మూడూ మీవి.

ప్రొద్దుటూరు పెద్దాయన:

పూరణకు ముందు ఒక మాట నాయనా. 'పుస్తకమును' ద్రుతాంతం (నకారంతో ముగిసేది) కదా, దాని మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) కావాల. 'పుస్తకమును దినెను బులుసుతోడ' అనుండాల. పకార బకారాలకు మైత్రి ఉంది కాబట్టి యతి కూడా చెడదు.

కడప:

నిజమే అయ్యా. కానీ 'పుస్తకమును' దగ్గర ఎవరైనా వాక్యం విరిస్తే అక్కడ సంధి అక్కర్లేదు కదా. ఆ దారి మూయకూడదని పరుషంగానే ఉంచాను.

ప్రొద్దుటూరు పెద్దాయన:

దారి నువ్వే చూపించేస్తివి! అయితే ఇదిగో.

వేడి రాగిముద్ద విస్తరాకున బెట్టి
యమ్మ పిలిచినంత నరుగు మీద
చలికి ముడిచి కాళ్ళు చదువుచుండియు మూసె
పుస్తకమును, తినెను పులుసుతోడ.

కడప:

విరుపు చక్కగా కుదిరింది. 'మూసె పుస్తకమును' దగ్గర ఆగి చదివితే సమస్యే మిగల్లేదు. చలికి కాళ్ళు ముడుచుకొని అరుగు మీద చదవడం కళ్ళకు కట్టింది. ఒక్కటే లోటు, కర్త లేడు. మూసిందెవరు, తిన్నదెవరు?

ప్రొద్దుటూరు పెద్దాయన:

ఒప్పుకున్నా. రెండో పాదంలో 'యవ్వ పిలిచినంత', మూడో పాదంలో 'చలికి వణకు తాత చదువుచుండియు మూసె' అని దిద్దుకుంటా. ఇప్పుడు కర్తా వచ్చినాడు, అవ్వా వచ్చింది. మా ఇంట్లో నిజంగా జరిగేదీ ఇదే. ముద్ద చల్లారితే గట్టిపడుతుంది, పుస్తకం చల్లారదు కదా అంటుంది ఆమె.

అనంతపురం నుంచి ఒక టీచరమ్మ:

నేను విరవకుండా ప్రయత్నించాను.

వంట రాసుకొన్న వదిన కాగితముల
మీద పులుసు బొట్లు మిగుల రాల
రాత్రి యెలుక వచ్చి రాలిన చోటెల్ల
పుస్తకమును తినెను పులుసుతోడ.

కడప:

సమస్యను ఉన్నదున్నట్టు ఒప్పించిన పూరణ, ఇది కష్టమైన పని. గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి. మొదట 'కాగితములు' అని తర్వాత 'పుస్తకము' అనడం కొంచెం తేడాగా ఉంది. కుట్టిన కాగితాలే అనుకుంటే సరిపోతుంది.

తాడిపత్రి తమ్ముడు:

అన్నా, సినిమా మాట ఎవరూ ఎత్తలేదు. మాయాబజార్ (1957) తీసిన కె.వి. రెడ్డిగారు మా ఊరివారు. డిసెంబరు 31 రాత్రి మా ఇంట్లో ఆ సినిమానే. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు ఎగిరొచ్చే చోట మా పిల్లోడి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోతుంది. వాడి మీదనే ఈ పద్యం.

చేతికందినంత చీకటిలో దీసి
జొన్నరొట్టె యనుచు జొనిపి నోట
పాత సినిమ చూచు పరవశమ్మున బాబు
పుస్తకమును తినెను పులుసుతోడ.

ప్రొద్దుటూరు పెద్దాయన:

'సినిమ' అని కుదించినావు. 'పాత చిత్ర మరయు' అంటే గణం చెడదు.

కడప:

అయ్యా, ఈ ఒక్కచోట తమ్ముడి వైపే ఉంటాను. 'అరయు' అంటే ఆ పిల్లోడు ఎవరో పండితుడైపోతాడు. 'సినిమ' అన్నది మన ఇళ్ళల్లో నోట వచ్చేదే. జొన్నరొట్టె అనుకొని పుస్తకం కొరకడం నాకు బాగా నచ్చింది, రెండూ పలచగా, గుండ్రమో చదరమో చీకట్లో తెలియదు.

ఆదోని అక్క:

మా అవ్వ పోయి ఈ కార్తీకానికి ఏడాది. ఆమె వంటలు రాసిపెట్టిన నోటుపుస్తకం నిన్న తీశాను.

అవ్వ చేతిరాత యక్షరమ్ములు చూచి
యెర్రగడ్డ తరిగి యెసరు పెట్టి
మనుమరాలు నేడు మనసు నిండగ నవ్వ
పుస్తకమును తినెను పులుసుతోడ.

కడప:

అక్కా, రెండుసార్లు చదివి కాసేపు ఊరకుండిపోయాను. పుస్తకంలో ఉన్నది వండుకొని తినడమంటే పుస్తకాన్ని తినడమే. సమస్యలోని తప్పు తప్పుగా లేకుండా పోయింది. 'నిండగ నవ్వ' దగ్గర అవ్వా ఉంది, నవ్వూ ఉంది. అనుకొని పెట్టినారా?

ఆదోని అక్క:

లేదు తమ్ముడూ. నువ్వు చెప్పినాకే చూసుకున్నా.

ప్రొద్దుటూరు పెద్దాయన:

అమ్మా, నేను దిద్దడానికి ఇందులో ఏమీ లేదు. ఆ పులుసులో మెంతులు ఎప్పుడు వేయమని రాసింది మీ అవ్వ?

ఆదోని అక్క:

తిరగమాతలో అన్నిటికన్నా ముందు. ఎర్రబడాల గానీ నల్లబడకూడదంట. ఆ మాట కింద రెండు గీతలు గీసింది, పక్కన పసుపు వేలిముద్ర ఉంది.