రక్తంలో మూడు రకాల కణాలూ పడిపోయాయి, బోన్‌మ్యారో పరీక్ష అన్నారు. పంపేముందు ఏం చూడాలి? (రాయగడ)

నాగావళి_ల్యాబ్:
54 ఏళ్ల ఆవిడ రిపోర్టు. హిమోగ్లోబిన్ 5.4, తెల్లకణాలు 2,400 (న్యూట్రోఫిల్స్ 40 శాతం), ప్లేట్‌లెట్లు 62,000, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 119, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 16, రెటిక్ (మూలుగ కొత్తగా పంపిన లేత ఎర్రకణాలు) 2 శాతం. కళ్లు కాస్త పచ్చగా ఉంటే కామెర్లనుకొని పసరు తాగించారట. విశాఖో బరంపురమో వెళ్లి ఎముక మూలుగ పరీక్ష చేయించమన్నారు డాక్టరు గారు. ఇంటివాళ్లేమో ఇక్కడే రెండు బాటిళ్ల రక్తం ఎక్కించుకొని బయల్దేరతామంటున్నారు. వెన్నులోంచి తీస్తే కాళ్లు పడిపోతాయని భయం, ఇది బ్లడ్ క్యాన్సరేనని ఇంకో భయం. రెటిక్ 2 శాతం నార్మల్ రేంజిలోనే ఉంది కదా, అంటే మూలుగ బాగానే పనిచేస్తున్నట్టా?

సూక్ష్మదర్శిని:
కాదండి. ఆ 2 శాతాన్ని అలాగే తీసుకోకూడదు. ఎర్రకణాలే మూడో వంతుకి పడిపోయినప్పుడు, ఉన్న కొద్ది కణాల్లో లెక్కేసిన శాతం ఎక్కువగానే కనిపిస్తుంది. హెమటోక్రిట్‌తో సరిచేయండి: 2 × 16 ÷ 45 (మామూలు హెమటోక్రిట్), అంటే 0.7. ఇంత రక్తహీనతకి ఆరోగ్యమైన మూలుగ దీనికి ఎన్నో రెట్లు పంపాలి. అది సెకనుకి సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారుచేసే చోటు. ప్లేట్‌లెట్లు బతికేది వారం పది రోజులు, న్యూట్రోఫిల్స్ ఇంకా తక్కువ, అందుకే ఉత్పత్తి ఆగితే మూడూ పడతాయి.

అయితే ఎంసీవీ 119, అంటే ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవి, అది చూస్తే నేను ముందు అనుమానించేది బి12 లోపాన్ని. అందులో మూలుగ ఖాళీగా ఉండదు, కిక్కిరిసి ఉంటుంది. డీఎన్‌ఏ సరిగ్గా తయారవక కణాలు పెద్దవై, బయటికి రాకముందే అక్కడే చచ్చిపోతాయి. బట్టీ నిండా ఇటుకలున్నా తీయబోతే విరిగిపోయినట్టు. ఆ విరిగిన కణాల బిలిరుబిన్ వల్లే కళ్లు పచ్చబడతాయి, కణాలు విరిగితే బయటపడే ఎల్‌డీహెచ్ ఎంజైమూ బాగా పెరుగుతుంది. కాలేయం జబ్బు కాకపోవచ్చు, పసరు ఆపించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: రక్తం ఎక్కించకముందు, బి12 ఇంజక్షన్ పడకముందు నమూనా తీసేయండి. ఊదా మూత ట్యూబు (ఈడీటీఏ, అంటే రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉన్నది) ఒకటి, సీరం ట్యూబు ఒకటి. సీరంలో బి12, ఫోలేట్, ఎల్‌డీహెచ్, బిలిరుబిన్. బి12 సీరాన్ని వెలుతురు తగలకుండా ఉంచండి. ఇంజక్షన్ పడిన ఒకటి రెండు రోజుల్లోనే మూలుగలో ఆ పెద్ద కణాల రూపు మారిపోతుంది, బి12 లెవెలూ పనికిరాదు.

రక్తం సంగతి: ఆయాసం, గుండెదడ, ఛాతీనొప్పి ఉంటే ఇవ్వాల్సిందే. కానీ నెలల తరబడి మెల్లగా తగ్గిన హిమోగ్లోబిన్‌కి శరీరం అలవాటు పడి ఉంటుంది. ఒకేసారి రెండు యూనిట్లు పోస్తే గుండె మీద భారం పడి ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. ఒక్క యూనిట్, నెమ్మదిగా. ఆ నిర్ణయం డాక్టరుది.

జయపురం_టెక్నీషియన్:
సీరంతోపాటు స్లైడ్లు కూడా పంపండి, మూడు నాలుగు. ఈడీటీఏలో రక్తం గంటల తరబడి ఉంటే తెల్లకణాల కేంద్రకం చెదిరి, ప్లేట్‌లెట్లు ముద్ద కట్టి లెక్క తప్పు చూపిస్తాయి. రక్తం తీసిన రెండు గంటల్లోపు పూత వేసి, గాలికి ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, పేరు పెన్సిల్‌తో రాయండి. పెన్ను రాత మిథనాల్‌కి చెరిగిపోతుంది. వానాకాలంలో పూత మెల్లగా ఆరితే ఎర్రకణాల్లో గుంటలు పడి మలేరియాలా భ్రమపెడతాయి. ఫ్యాన్ కింద వెంటనే ఆరనివ్వండి. స్లైడ్లని ఐస్ డబ్బాలో పెట్టొద్దు.

మీరు చూసేటప్పుడు న్యూట్రోఫిల్ కేంద్రకంలో తమ్మెలు (విడివిడిగా కనిపించే భాగాలు) లెక్కపెట్టండి. అయిదు తమ్మెలవి నూటికి అయిదు దాటినా, ఆరు తమ్మెలది ఒక్కటి కనిపించినా బి12, ఫోలేట్ వైపే చూపు. బ్లాస్ట్‌లు (బ్లడ్ క్యాన్సర్‌లో కనిపించే పక్వం కాని కణాలు) కనిపిస్తే మాత్రం ఎవరికీ ఎదురుచూడకుండా ఆ రోజే పంపేయాలి.

కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి వైపు కాబట్టి సికిల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) ఉందేమో చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకి కూడా పంపండి. ఇదీ రక్తం ఎక్కించకముందే. దాత రక్తం కలిస్తే శాతాలు తారుమారు. తీవ్ర రక్తహీనతలో సికిల్‌కి చేసే సాల్యుబిలిటీ టెస్టు నెగిటివ్ వచ్చినా నమ్మొద్దు. సికిల్ ఉన్న పిల్లల్లో పార్వోవైరస్ బి19 సోకితే మూలుగ వారం పది రోజులు ఎర్రకణాలు చేయడం మానేస్తుంది. అప్పుడు రెటిక్ 1 శాతం కంటే తక్కువకి పడుతుంది, హిమోగ్లోబిన్ గబగబా దిగుతుంది. ఈవిడ రిపోర్టు ఆ తీరులో లేదు, అయినా చూడాలి.

వార్డు_నర్సు_విశాఖ:
భయాల గురించి నేను చెబుతా. వెన్నులోంచి తీయరు. నడుము వెనక, పిరుదు పైభాగంలో చేతికి గట్టిగా తగిలే కటి ఎముక నుంచి తీస్తారు, అక్కడ వెన్నుపాము లేదు. ఎముక పైపొర దాకా లిగ్నోకైన్ మత్తు ఇచ్చి, సూది లోపలికి దించి సిరంజితో లాగుతారు. ఆ లాగే రెండు మూడు సెకన్లే నొప్పి, మత్తు దాన్ని ఆపలేదు. ముందే చెబితే ఉలిక్కిపడరు. మొదటి లాగుడులో అర మిల్లీలీటరు చాలు, ఎక్కువ లాగితే రక్తం కలిసి పలచబడుతుంది. తర్వాత బయాప్సీకి ఎముక ముక్క, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు. పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి, ఆ వైపు ఆనుకుని పడుకోబెడతాం. కట్టు 24 గంటలు తడవకూడదు. ప్లేట్‌లెట్లు 62,000 అడ్డం కాదు. వార్ఫరిన్‌లాంటి రక్తం పలచన మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. ముక్కలో సున్నం కరగడానికి సమయం పడుతుంది కాబట్టి బయాప్సీ రిపోర్టు స్లైడు రిపోర్టు కంటే ఆలస్యం. "కణాలు 45 శాతం" అని రాస్తే బెంగపడొద్దు, వందలోంచి వయసు తీసేస్తే సుమారుగా వచ్చేది అదే.

నాగావళి_ల్యాబ్:
నమూనాలు తీశాం, ఆరు తమ్మెల కణాలు రెండు కనిపించాయి! ఇంట్లో ఫోలిక్ మాత్రలు, మేక మూలుగ ఎముకల పులుసు మొదలెట్టారు. ఇబ్బందా?

సూక్ష్మదర్శిని:
పులుసుతో ఇబ్బంది లేదు. కాకపోతే మూలుగ తింటే మూలుగ పెరగదు, అందులో ఎక్కువ కొవ్వే. ఫోలిక్ ఒక్కటే మాత్రం వెంటనే ఆపించండి. బి12 లేకుండా ఫోలిక్ ఇస్తే రక్తం కొంత మెరుగైనట్టు కనిపిస్తుంది, నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అరికాళ్లు తిమ్మిరా, చీకట్లో తూలుతున్నారా అని అడగండి.

మందుల సంచి తెప్పించి చూడండి. మెట్‌ఫార్మిన్, ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు బి12ని తగ్గిస్తాయి. కార్తీకంలో నీసు మానేసినందుకు పడిపోదు, కాలేయంలో నిల్వ ఏళ్లకి సరిపోతుంది. కీళ్లనొప్పులకి మెథోట్రెక్సేట్ రాసి ఉంటే అది వారానికి ఒక్కసారి వేసే మందు. రోజూ మింగితే మూలుగ మొత్తం ఆగిపోతుంది. ఎవరైనా స్టెరాయిడ్ ఇవ్వబోతే ఆపండి, ల్యుకేమియా (బ్లడ్ క్యాన్సర్) ఉంటే కొన్నాళ్లు కనిపించకుండా దాచేస్తుంది.

బి12 తక్కువని తేలి ఇంజక్షన్లు మొదలైతే, మొదటి వారం పొటాషియం పడిపోవచ్చు, చూస్తుండాలి. ఏడో రోజు రెటిక్ మళ్లీ చేయండి. బాగా ఎగబాకితే బోన్‌మ్యారో అవసరం ఉండకపోవచ్చు, ఆ మాట డాక్టరు గారితో తేల్చుకోవాలి. ఎగబాకకపోతే పరీక్ష తప్పదు. ఈలోపు 2,400లో 40 శాతం అంటే న్యూట్రోఫిల్స్ 960. ఇది 500 కంటే దిగి 100.4 జ్వరం వస్తే రాత్రయినా ఆసుపత్రికి తీసుకుపోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఈ ఒక్కటి ఇంటివాళ్లకి ఒడియాలో, తెలుగులో రెండింటా కాగితం మీద రాసివ్వండి.