ఇటలీలోని పొజ్జువోలి ఊరి కింద ఉబ్బుతున్నది మాగ్మానా (కరిగిన రాయి), నీళ్లా? గ్రావిటీ మీటరు తేల్చగలదా?

రాళ్లపిచ్చి:
ఇటలీలో నేపుల్స్ పక్కనున్న కాంపి ఫ్లెగ్రేయి అగ్నిపర్వత ప్రాంతం 2005 నుంచి మళ్లీ పైకి లేస్తోంది. 2024 మేలో 4.4 తీవ్రతతో భూకంపం కూడా వచ్చింది. నేల ఎంత లేచిందో జీపీఎస్ చెబుతుంది గానీ, కింద బరువు చేరిందా లేదా అన్నది గ్రావిటీయే చెప్పాలి. ఎత్తు మీటరు పెరిగితే గ్రావిటీ మామూలుగా 308.6 మైక్రోగాల్ (గురుత్వాన్ని కొలిచే చిన్న కొలత) తగ్గుతుంది. 1982-84లో అక్కడి పొజ్జువోలి ఊరు 1.8 మీటర్ల దాకా లేస్తే, మీటరుకు తగ్గింది సుమారు 215 మాత్రమే. ఆ తేడా కింద చేరిన సరుకు వల్లే కదా. మాగ్మా అనడానికి ఇంకేం కావాలి?

సందేహాలరావు:
ఆగండాగండి. సరుకు చేరింది, ఒప్పుకున్నాం. అది మాగ్మా అని ఎవరు చెప్పారు? ఆ 308.6 ప్రపంచానికంతా కలిపి సగటు. అక్కడ కొలిస్తే 290 దగ్గర వచ్చింది. మీ తేడా 93 నుంచి 75కి పడిపోయింది. అసలు మెలిక అది కూడా కాదు. కిందున్నది గుండ్రటి గది అనుకుంటే ఆ 75కి రాతి సాంద్రత వస్తుంది. అట్టులా పలచగా పరుచుకున్న పగులు అనుకుని లెక్కేసినవాళ్లకు నీటి సాంద్రతకు దగ్గరగా వచ్చింది. రీడింగులు అవే, జవాబులు రెండు!

సర్వేబాబాయ్:
ఇద్దరూ కాగితం మీదే కొట్టుకుంటున్నారు. ఒక మైక్రోగాల్ అంటే మొత్తం గురుత్వంలో దాదాపు వంద కోట్లలో ఒక వంతు. గ్రావిటీ మీటరును పాత గుర్తు మీదే పెట్టాలి, బుడగ మధ్యకొచ్చేదాకా కాళ్ల మరలు తిప్పాలి, లోపలి స్ప్రింగు సాగుడు పట్టుకోవడానికి మళ్లీ మొదటి పాయింటుకు వచ్చి రీడింగ్ తీయాలి. సూర్యచంద్రుల లాగుడు ఒక్క రోజులోనే రెండు వందల మైక్రోగాల్ దాకా ఆడిస్తుంది. అదైనా లెక్కకట్టి తీసేయొచ్చు. భూగర్భజలం సంగతి? నూటికి ఇరవై పాళ్లు ఖాళీలున్న నేలలో నీటిమట్టం మీటరు పెరిగితే చాలు, ఎనిమిది మైక్రోగాల్ పెరుగుతుంది. పక్కన బావిమట్టం రాసుకోని సర్వేని నేను నమ్మను.

రాళ్లపిచ్చి:
బాబాయ్, కాలిఫోర్నియాలో ఇలాంటిదే లాంగ్ వ్యాలీ అనే అగ్నిపర్వత ప్రాంతంలో ఆ నీటి లెక్క కూడా తీసేశారు. అయినా 1982-98 మధ్య దాదాపు 60 మైక్రోగాల్ మిగిలింది. సాంద్రత చూస్తే నీళ్లయ్యే వీల్లేదు, మాగ్మానే అన్నారు.

సందేహాలరావు:
అక్కడ తేలిందని ఇక్కడా తేలినట్టేనా? 1983-84లో పొజ్జువోలి నుంచి దాదాపు 40 వేల మందిని ఖాళీ చేయించారు, పేలలేదు. 1538లో మోంటే నువోవో కొండను పుట్టించిన పేలుడే ఆఖరిది. ఆ ఊళ్లో మాగ్మా అన్న మాట ఊరికే వాడకూడదండీ.

సర్వేబాబాయ్:
ఏడాదికోసారి పోయి కొలిస్తే ఈ పంచాయితీ తెగదు. ఇటలీలోనే ఉన్న ఎత్నా అగ్నిపర్వతం మీద 2020లో పరమాణువులతో కొలిచే గ్రావిటీ మీటరు పెట్టి ఆపకుండా నడిపారు. అలాంటివి నాలుగు పొజ్జువోలి చుట్టూ పెడితే, బరువు ఎక్కడ, ఎంత వెడల్పున చేరుతోందో కనబడుతుంది. గుండ్రటి గదా, అట్టులాంటి పగులా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

సందేహాలరావు:
దానికి సరే. బావిమట్టాలు కూడా రాయించండి మరి.