చాసర్ పద్యంలో బంగారానికి పట్టిన తుప్పు

ఆంగ్ల కవి జెఫ్రీ చాసర్ 1387 ప్రాంతంలో మొదలుపెట్టి, 1400లో కన్నుమూసేనాటికి అసంపూర్తిగానే వదిలిన కాంటర్బరీ కథల ప్రస్తావనలో, ఒక పేద పల్లె చర్చి గురువు చెప్పే మాట ఉంది: బంగారమే తుప్పు పడితే ఇనుము గతేమిటి? దీనిని ‘కంచే చేను మేస్తే’ అని తెలుగు చేస్తే సరిపోతుంది కదా అని మన అనువాద చర్చలో ఒక సభ్యులు అడిగారు. మొదట నాకూ అదే తోచింది గాని, తరువాతి పాదాలు చదివాక ఆ సామెత ఇక్కడ కుదరదనిపించింది.

కంచె సామెతలో చేను నష్టపోతుందే తప్ప, కంచెను చూసి తానూ చెడిపోదు. చాసర్ చెప్పేది వేరు. మనం నమ్ముకున్న గురువే మలినపడితే పామరుడు తుప్పు పట్టడంలో వింత లేదని వెంటనే అంటాడు. మూలంలో నమ్మకాన్ని చెప్పే ‘త్రుస్తె’కు తుప్పును చెప్పే ‘రుస్తె’ అంత్యప్రాసగా పడింది. పై పాదంలో బంగారానికి వాడిన ఆ క్రియనే ఇక్కడ మనిషికీ వాడాడు. కనుక రెండుచోట్లా మనమూ ఒకే మాట ఉంచాలి. రాగికీ ఇత్తడికీ చిలుము పడుతుంది, బంగారానికి వన్నె తగ్గుతుంది, నిజమే. కాని బుర్ర తుప్పు పట్టిందని మనుషుల గురించి అనేది తుప్పుతోనే. పైగా బంగారానికి తుప్పు పట్టదన్న అసంభవంలోనే ఆ పాదం బిగువంతా ఉంది.

పామరుడు అన్నచోట మూలంలో ఉన్నది ‘లెవెద్’. దాని నేటి రూపానికి అసభ్యమన్న అర్థం స్థిరపడింది గాని, ఆనాడు చదువురానివాడు, గురుపట్టం (చర్చి గురువుగా అభిషేకం) లేనివాడు అనే అర్థం. పండిత పామరులన్న జంట మనకు ఉండనే ఉంది.

ఆ తరువాత వచ్చే పాదం మరీ మొరటు: పెంట పూసుకున్న కాపరి, శుభ్రంగా ఉన్న గొర్రె. దీనిని ‘మలినుడైన కాపరి’ అని మర్యాదగా మారిస్తే కవి కోపమే పోతుంది. పాస్టరు అన్న లాటిన్ మాటకు కాపరి అనే అర్థం. మన క్రైస్తవ సంఘాల్లోనూ ‘సంఘకాపరి’ అంటారు కాబట్టి ఈ పోలికకు వివరణ అక్కరలేదు.

చాసర్ చర్చి వ్యతిరేకి అన్న వాదన కూడా ఆ చర్చలో వచ్చింది. అదే ప్రస్తావనలో పాపక్షమాపణ పత్రాలు అమ్మే పాత్రను అతడు వదలలేదు. వాడి సంచినిండా రోము నుంచి వేడివేడిగా వచ్చిన పత్రాలు, గాజుపాత్రలో పంది ఎముకలు, మేరీమాత మేలిముసుగని చూపించే ఒక దిండు గలీబు. అదే చేత్తో ఈ పల్లె గురువును గీసినప్పుడు ఒక్క ఎత్తిపొడుపు లేదు. తన మందను, అంటే తన చర్చి జనాన్ని, వేరొకరికి అద్దెకిచ్చి, లండన్‌లోని సెయింట్ పాల్ దేవాలయంలో ధనికుల ఆత్మశాంతి పూజల కొలువు కోసం పరుగెత్తలేదని మెచ్చుకుంటాడు. గురువు తొడిగే అంగీ మీద గౌరవం ఉన్నందువల్లనే, దాన్ని తొడుక్కుని వ్యాపారం చేసేవాళ్ల మీద అంత మంట. అందుకే ఈ పాత్రను ‘పూజారి’ అనకుండా, మన కతోలికులు ఒక ప్రాంతపు చర్చి బాధ్యత చూసే గురువుకు వాడే ‘విచారణ గురువు’ అనే మాటే పెడతాను.

నా అనువాదం ఇది: ‘బంగారమే తుప్పు పడితే ఇనుమేం చేస్తుంది? నమ్ముకున్న గురువే మలినపడితే పామరుడికి తుప్పు పట్టడం వింతేమీ కాదు.’ ‘గతేమిటి’ని ‘ఏం చేస్తుంది’గా మార్చాను, మూలంలో ఉన్న క్రియ అదే కనుక.