మావారి ఫోన్‌కి టిండర్ అనే డేటింగ్ యాప్ ఓటీపీ వచ్చింది. దీన్ని ఏమనుకోవాలి?

కొండాపూర్ కోడలు:
మొన్న రాత్రి ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ వెలిగింది. టిండర్ కోడ్ అని మెసేజ్. నేను చూస్తుండగానే ఇంకోటి. భోజనాల దగ్గర అడిగితే "ఎవడో నంబరు తప్పు కొట్టుంటాడు" అన్నారు, పప్పులో నెయ్యి వేసుకుంటూ. యాప్ మాత్రం ఫోన్‌లో కనబడలేదు. ఓటీపీ ఊరికే వస్తుందా? అత్తగారి చెవిన వేయొచ్చా?

గోదారోడు:
అమ్మా, తొందరపడకండి. మా ఆవిడ నా ప్లే స్టోర్‌లో "నాట్ ఇన్‌స్టాల్డ్" లిస్టు తీసి, అందులో బంబుల్ అనే ఇంకో డేటింగ్ యాప్ ఉందని రాద్ధాంతం చేసిందండి. మా బామ్మర్ది బీటెక్ చదువుతూ మా ఇంట్లోనే ఉండేవాడు, పాత ట్యాబ్‌లో నా జీమెయిల్‌తోనే వేసుకున్నాడు. ఆ లిస్టు అకౌంటుది, ఫోనుది కాదు. ఎవరికి చెప్పుకోమంటారు?

ఓరుగల్లు పిల్ల:
అందరికీ ఒక బామ్మర్ది దొరుకుతడు.
నా ముచ్చట చెప్త. ఎంగేజ్‌మెంట్ అయినంక మా దోస్తు ఒకామె డేటింగ్ యాప్‌ల ప్రొఫైల్ స్క్రీన్‌షాట్ పంపింది. నన్ను చేసుకునేటోడే. మా ఎంగేజ్‌మెంట్ ఫొటోల నన్ను కట్ చేసి పెట్టిండు. నా చెయ్యి మాత్రం వాని భుజం మీద అట్లనే ఉంది, గాజులతో సహా. అడిగితే "పాత అకౌంటు, తీసేసుడు మర్చిపోయిన" అన్నడు. పాత అకౌంట్ల కొత్త షేర్వానీ ఎట్లొచ్చిందిరా అన్న. పెండ్లి క్యాన్సిల్.

సిస్‌అడ్మిన్ శ్రీను:
నేను ఈ ఫీల్డులోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. యాప్ తీసేస్తే అకౌంటు పోదు. లోపలికెళ్లి డిలీట్ కొట్టకపోతే ప్రొఫైల్ అలాగే ఉంటుంది. కాబట్టి "పాతది" అనే మాట కొన్నిసార్లు నిజమే. పేరు పక్కన పచ్చ చుక్క కనిపిస్తే మాత్రం గత 24 గంటల్లో తెరిచినట్టు. ఇక ఓటీపీ అంటారా, మీ నంబరు ఎవరు కొట్టినా మీకే వస్తుంది. వరసగా రెండు వచ్చాయంటే ఎవరో "మళ్లీ పంపు" నొక్కి ఉండొచ్చు.

డల్లాస్ బావ:
ఇండియాలో మూసేసిన నంబరును 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా హైదరాబాద్ నంబరు రీఛార్జ్ మర్చిపోతే అలాగే పోయింది. ఇప్పుడు నా బ్యాంకు మెసేజ్‌లన్నీ ఎవరో పుణ్యాత్ముడికి వెళ్తున్నాయి. మీవారి నంబరుకీ పాత ఓనరు ఉండి ఉంటాడు.

కొండాపూర్ కోడలు:
ఆయనది ఇంజనీరింగ్ రోజుల నుంచీ అదే నంబరండీ.

డల్లాస్ బావ:
అంతకు ముందు?

ఓరుగల్లు పిల్ల:
అన్నా, ఇంజనీరింగ్‌కు ముందు టిండర్ యాడిది? అది 2012ల వచ్చింది.

డల్లాస్ బావ:
నేను సిస్టమ్ గురించి చెబుతున్నానమ్మా. వెటకారం ఎందుకు?

లాయర్ సుధ:
ఆయన ఫోన్‌లో స్పై యాప్‌లు మాత్రం వేయకండి. అనుమతి లేకుండా ఇంకొకరి ఫోన్‌లో చొరబడితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి, పెళ్లాం అయినా సరే. అక్రమ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది కాబట్టి అది ఇప్పుడు నేరం కాదు. విడాకులకు మాత్రం కారణమే, హిందూ వివాహ చట్టం 13 చూడండి. ఉత్త ప్రొఫైల్‌తో అక్రమ సంబంధం రుజువు కాదు. క్రూరత్వం కింద వాదించాలి. అది కేసును బట్టి ఉంటుంది.

గోదారోడు:
చూశారా, ప్రొఫైల్ ఉన్నా ఏం కాదంటున్నారు మేడమ్.

లాయర్ సుధ:
నేనలా అనలేదు. సగం చదివి మాట్లాడకండి.

సిస్‌అడ్మిన్ శ్రీను:
కోడలుగారూ, అత్తగారి దాకా వెళ్లొద్దు. ఆయన ఎదుటే ఆ నంబరు పెట్టి లాగిన్ చేయమనండి. అకౌంటు ఉంటే తిన్నగా ప్రొఫైల్‌లోకి వెళ్తుంది. లేకపోతే కొత్తగా పేరు, పుట్టినరోజు అడుగుతుంది. ఒక్క నిమిషం పని.

కొండాపూర్ కోడలు:
అడిగాను. "నామీద నమ్మకం లేదా" అని బాల్కనీలోకి వెళ్లిపోయారు. ఫోన్ తీసుకునే వెళ్లారు.

ఓరుగల్లు పిల్ల:
ఇంకేముంది అక్కా.

గోదారోడు:
అదేంటండీ, నన్నడిగినా అలాగే వెళ్లిపోతాను! అనుమానిస్తే మగాడికి రోషం రాదా?

ఓరుగల్లు పిల్ల:
మీరు బామ్మర్ది మీదికి తోసినోళ్లు, మీరు మాట్లాడొద్దు.

గోదారోడు:
కావాలంటే వాడి నంబరిస్తా, కనుక్కోండి!

ఓరుగల్లు పిల్ల:
వాని నంబరు ఎందుకు, మీ ఆవిడనే ఇక్కడ రాయమనుండ్రి.

గోదారోడు:
ఆవిడ పుట్టింట్లో ఉందండి. అట్లతద్దికని వెళ్లింది.

సిస్‌అడ్మిన్ శ్రీను:
అట్లతద్ది అయిపోయి సంక్రాంతి వచ్చేస్తోంది గురూగారూ.

డల్లాస్ బావ:
అదలా ఉంచండి. నా నంబరు వెనక్కి తెచ్చుకునే దారి ఎవరికైనా తెలుసా?