అప్‌డేట్: చిటికి ముడుల కిందికి రంగు పాకడం ఆగింది

పేక నూలును (నేతలో అడ్డంగా వేసే పోగును) రంగులో ముంచితే చిటికి ముడుల (డిజైన్ కోసం, రంగు అంటకూడని చోట బిగించి కట్టే ముడుల) కిందికి రంగు పాకుతోందని, ఇక్కడ ప్రభుత్వ డిజైన్ కాలేజీ నేత స్టూడియో కోసం అడిగాను కదా. తప్పు ముడులు కట్టే సైకిల్ ట్యూబు రబ్బరుది కాదు. నూలును పొడిగానే రంగులో వేయడం వల్ల అది దీపం వత్తిలా రంగును లోపలికి లాగేస్తోంది. ఇప్పుడు కట్టిన నూలును అరగంట నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, అప్పుడే ముంచుతున్నాం. వేడి అక్కర్లేని రియాక్టివ్ రంగు, లీటరుకు 50 గ్రాముల ఉప్పు. 20 నిమిషాలయ్యాక నూలు పైకి తీసి, రంగు నూలుకు గట్టిగా పట్టడానికి, విడిగా కరిగించిన సోడా యాష్ లీటరుకు 15 గ్రాములు కలిపి, మళ్లీ గంట. సోడా పొడి నూలు మీద పడితే మచ్చ ఖాయం.

తెల్ల గడి పక్కన ఎరుపు అంచు ఇప్పుడు గీత గీసినట్టుంది, చూస్తే ప్రాణం లేచొచ్చింది! ముదురు నీలం మాత్రం ఇంకా వెంట్రుకవాసి పాకుతోంది. కట్టలో పోగులు తగ్గించి చూస్తున్నాం.